ఒడ్డున నేను చెప్పిన ‘సాఫ్’

సముద్రంతో కొట్లాడి నలభై మందిని బతికించిన మనిషిని నేను. నమ్మకం లేకపోతే మా చంద్రపూర్ పక్క దుర్గాపూర్‌లో ఏ చాయ్ హోటల్ దగ్గరైనా అడగండి, చెబుతారు. చెప్పక ఏం చేస్తారు, వాళ్ళందరికీ చెప్పింది నేనే. మొదటి ఏడు ఆ లెక్క ఆరుగురు. తర్వాత ఏటా ముగ్గురు నలుగురు వచ్చి చేరారు. నేను రిటైరయ్యేనాటికి నలభై దాటింది. ఇంకొన్నాళ్ళు నౌకరీ ఉండి ఉంటే ఊరు ఊరంతా నా చేత బతికేది.

ఆ లెక్క సరిచేద్దామని ఇప్పుడు కూర్చున్నాను. డెబ్బై దాటిన వాడికి అబద్ధాలు మోయడం కూడా బరువే.

సముద్రం గురించి బొగ్గుగని మనిషి చెప్పడమేమిటని మీకు నవ్వు రావచ్చు. చంద్రపూర్ నుంచి ఎటు పోయినా సముద్రం కనపడాలంటే రైల్లో నడుం పడిపోయేదాకా కూర్చోవాలి. వానాకాలంలో ఇరై నది ఉబ్బితే వంతెన మీద నిలబడి చూసి, అబ్బో అనుకుని ఇంటికొచ్చే జనం మేము. కానీ చిన్నవాళ్ళయిన మీరు నాలుగు రోజులు సెలవులొస్తే పరుగెత్తేది సముద్రం దగ్గరికే కదా. ఒడ్డున పుట్టినవాళ్ళకు ఎంతో కొంత తెలిసి ఉంటుంది. ఏమీ తెలియకుండా చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగేది మనమే. మా గ్యాంగు అట్లాగే దిగింది.

నేను భూమి లోపలి గనిలో షాట్‌ఫైరర్‌ని. బొగ్గు గోడకు డ్రిల్లర్ రంధ్రాలు వేస్తే, వాటిలో మందు కూరి, మట్టితో బిగించి, అందరినీ మలుపు అవతలికి పంపి పేల్చేవాడిని. లక్ష షాట్లు పేల్చానని చెప్పుకునేవాడిని. అంత లేదు. పేలుడు పెద్ద సంగతి కాదు, మీట నొక్కితే ఎవడైనా పేలుస్తాడు. అసలు పని ఆ తర్వాత. ఎన్ని రంధ్రాలకు మందు పెట్టానో అన్ని చప్పుళ్ళు వినాలి. ఒకదాని వెనక ఒకటి వస్తుంటే వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గిందంటే పేలని మందు లోపల కూర్చుని ఉందని అర్థం. అప్పుడు ఎవరూ అడుగు కదపకూడదు. లెక్క సరిపోయినా సరే, పొగ పోయేదాకా ఆగి, ముందు నేనొక్కడినే లోపలికి పోయి, పైకప్పు చూసి, గోడ చూసి, తిరిగొచ్చి ఒక మాట అనాలి. సాఫ్. దారి శుభ్రంగా ఉంది, రావచ్చు అని.

ఆ మాట నా నోట వచ్చేదాకా గ్యాంగులో ఏ ఒక్కడూ లోపల కాలు పెట్టడు. మేనేజర్ సాబ్ వచ్చి నిలబడినా పెట్టడు. అది రాసిన రూలు కంటే పెద్దది, మాకు కాళ్ళలో పాతుకుపోయిన అలవాటు.

సాఫ్ అనగానే అందరికంటే ముందు ఉరికేవాడు మా డ్రిల్లర్. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను బావ అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. నా ‘సాఫ్’ను వాడు పైకి కూడా తెచ్చాడు. హోటల్లో చాయ్ వస్తే గ్లాసు పట్టుకుని నా ముఖం చూసేవాడు. “బావ, సాఫా?” నేను ఒక గుటక తాగి సాఫ్ అంటేనే తాగేవాడు. రోడ్డు దాటాలన్నా అదే, మిర్చి కొరకాలన్నా అదే. వాడి భార్యది కోర్పనా వైపు రైతుల ఇల్లు, నోరు కొంచెం గట్టిది. నన్ను అన్నా అని పిలిచేది. “ఇంట్ల నా మాట ఒక్కటి ఇనడు. నువ్వు సాఫ్ అంటేనే అన్నం ముద్ద కూడ మింగుతడు. నువ్వే ఉంచుకోరాదన్నా ఈ మనిషిని,” అనేది. అందరం నవ్వేవాళ్ళం. నేను కొంచెం ఎక్కువ నవ్వేవాణ్ణి, లోపల పొంగిపోయి.

ఒక ఏడు సేఫ్టీ వారోత్సవంలో మా గ్యాంగుకు మొదటి బహుమతి వచ్చింది. కొన్నేళ్ళుగా మాలో ఎవడికీ ఒక గోరు కూడా ఊడలేదని. ఎప్పుడూ స్టీలు డబ్బాలు ఇచ్చేవారు. ఆ ఏడు వెల్ఫేర్ సాబ్‌కు కొత్త ఆలోచన వచ్చింది. వీళ్ళందరి ఇళ్ళలో డబ్బాలు నిండిపోయాయి, ఈసారి వీళ్ళకు సముద్రం చూపిద్దాం అన్నాడు. ఎనిమిది మందిమి. అందరం చీకట్లో పని చేసినవాళ్ళం, సముద్రం చూసిన మొగాడు ఒక్కడూ లేడు. నేను చూశానని చెప్పాను. అదీ అబద్ధమే.

బయలుదేరే రోజు డ్రిల్లర్ భార్య స్టేషన్‌కు వచ్చింది. ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి వాడి సంచిలో పెట్టింది. అందరూ సముద్రం ఉప్పగుంటదంటరు, అంత నీళ్ళల్ల ఎవడు పోసిండట ఉప్పు, నింపుకరా, నేనే నోట్లె ఏసుకుని చూస్త అంది. బావ చెప్పినా నమ్మవా అని వాడు అడిగాడు. మీ బావ చెప్పేటివి సగం గప్పాలే అని నా ముందే అంది. ఆమె అంచనాలు ఎప్పుడూ సరిగ్గా ఉండేవి.

ఊరి పేరు చెప్పను. తూర్పు తీరంలో చేపలు పట్టే చిన్న ఊరు. రెండువేల నాలుగు డిసెంబరు సునామీ మీలో కొందరికి పుస్తకాల్లో పాఠం. మాకు అది ఒక ఆదివారం. పౌర్ణమి కూడా.

పొద్దున్నే లాడ్జిలో లేచేసరికి మంచం కొంచెం ఊగినట్టయింది. చెంబు మీద పెట్టిన గ్లాసు గలగలమంది. మాతో టింబర్ మేస్త్రీ ఉండేవాడు, గని పైకప్పుకు దుంగలు నిలబెట్టే మనిషి, మాలో పెద్ద. దుంగ కిర్రుమంటే చాలు, ఎప్పుడు ఎటు పడుతుందో చెప్పగలడు. ఆయన లేచి నేల మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేల కదిలింది, మంచిగ కదలలేదు అన్నాడు.

మేము నవ్వాం. మీకు తెలుసు కదా, దుర్గాపూర్‌లో మధ్యాహ్నం పైనుంచి తవ్వే గనిలో, ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ పెడితే ఇళ్ళల్లో గిన్నెలన్నీ మోగుతాయి. ఆడవాళ్ళు ఒక చేత్తో పాలగిన్నె పట్టుకుని మాట్లాడే మాట ఆపకుండా మాట్లాడతారు. నేల కదలడం మాకు భోజనం గంట లాంటిది. ఇంకో ఊరి మనిషైతే భయపడి వీధిలోకి వచ్చేవాడు. “ఈడ గూడ ఓపెన్‌కాస్ట్ ఉన్నట్టుందిరా,” అని డ్రిల్లర్ అంటే మేము పొట్టలు పట్టుకుని నవ్వి, స్నానాలకు సముద్రానికి బయలుదేరాం.

ఒడ్డున జనం బాగానే ఉన్నారు. పౌర్ణమి స్నానాలకు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. డ్రిల్లర్ వస్తూనే ముందు సీసా నింపాడు. మూత బిగించి, తన చొక్కాలో చుట్టి, చెప్పుల మీద పెట్టాడు. తర్వాత నీళ్ళలోకి పోతూ నా వైపు తిరిగి చూశాడు, సాఫా అన్నట్టు. నేను రాజు లాగా చెయ్యి ఊపాను.

మొదటి నీళ్ళు అలలాగా రాలేదు. ఎవరో పెద్ద చెరువు కట్ట తెంచినట్టు నురగ లేకుండా ఊరికే పైకి పైకి వచ్చాయి. మోకాళ్ళు, తొడలు, నడుము. ఒక బఠాణీల బండి తేలిపోయింది. జనం అరుస్తూ ఊరివైపు పరుగెత్తారు. మేమూ పరుగెత్తాం. కొంత దూరంలో తుఫానుల కోసం కట్టిన షెల్టరు ఉంది, స్తంభాల మీద నిలబెట్టిన గట్టి కట్టడం. మెట్లెక్కి పైకి చేరి లెక్కపెట్టుకుంటే ఎనిమిది మందిమీ ఉన్నాం. ఒళ్ళంతా ఇసుక. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా.

అప్పుడు నీళ్ళు వెనక్కి పోయాయి. వచ్చినంతే కాదు, ఇంకా ఇంకా పోయాయి. సముద్రం ఉండాల్సిన చోట తడి నేల బయటపడింది. పడవలు పక్కకు ఒరిగి పడుకున్నాయి. చేపలు ఎగురుతున్నాయి. కొందరు బుట్టలు పట్టుకుని దిగారు. మా బట్టల మూటలు నీళ్ళ తోపుకు సరుగుడు చెట్ల మొదట్లో చిక్కుకుని కనిపిస్తున్నాయి. డ్రిల్లర్ చొక్కా ఎర్రది, దూరం నుంచి కూడా తెలుస్తోంది.

మా పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, చేపలమ్మే మనిషి. ఎవరూ అడగకుండానే, “దిగబాకండయ్యా. అంత దూరం లాక్కపోయిన నీళ్ళు మళ్ళా రాకుండా వుంటయ్యా?” అంది.

ఆమె భాష మాకు కొత్తగా ఉన్నా మాట పూర్తిగా అర్థమైంది. అది మీరు గుర్తుపెట్టుకోవాలి. అర్థం కాక చేసిన తప్పు కాదు. నేను పెద్ద తెలిసినవాడిలాగా ఆమెకే పాఠం చెప్పాను. గాలి లేదు, వాన లేదు, ఎండ కొడుతోంది, ఉప్పెన ఎట్లా వస్తుందమ్మా అన్నాను. ఉప్పెన గాలివానతో వస్తుంది, నిజమే. ఇది ఉప్పెన కాదు. సముద్రం అడుగున నేల విరుచుకుంటే లేచే నీళ్ళు ఇవి. వీటికి మబ్బుతో పని లేదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, తెలియదన్న సంగతీ తెలియదు.

కొంచెంసేపు చూశాం. ఏమీ కాలేదు. అప్పుడు గ్యాంగు మొత్తం నా వైపు తిరిగింది. ఏడుగురూ. మలుపు అవతల నిలబడి పొగ తగ్గాక చూస్తారే, అదే చూపు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు భయమే లేదు. ఉన్నది గర్వం. మేనేజర్లు లేరు, గని లేదు, ఆ పరాయి ఊళ్ళో, అంత పెద్ద సముద్రం ముందు కూడా వీళ్ళు నా నోటి మాట కోసం ఆగారు. గనిలోనైతే ముందు నేను దిగి చూసి వచ్చేవాడిని. ఎన్ని పేలాయో లెక్కపెట్టేవాడిని. అక్కడ ఒక్కటే విన్నాను. ఎన్ని రంధ్రాలకు మందు పెట్టారో అడగను కూడా లేదు.

సాఫ్ అన్నాను.

వాడు ఎప్పటిలాగే ముందు ఉరికాడు. మిగతావాళ్ళు మెట్ల మీద ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. మేస్త్రీ మాత్రం కదలలేదు, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. డ్రిల్లర్ చెట్ల దగ్గరికి చేరాడు. మూట విప్పాడు. సీసా దొరికింది. నాకు కనపడేట్టు పైకెత్తి ఊపాడు.

వాడి వెనక, చాలా దూరాన, గోధుమ రంగు గీత ఒకటి లేచింది. గని లోపల పెద్ద షాటు పేలితే చెవులు మూతపడతాయి, అట్లాంటి చప్పుడు వచ్చింది. మేస్త్రీ మెట్ల మీది వాళ్ళను చొక్కాలు పట్టి పైకి లాగాడు. కాపాడింది ఆయన. నేను అరిచాను. ఇన్నేళ్ళలో వాడు నా నోట సాఫ్ తప్ప ఇంకోటి వినలేదు. ఆ దూరం నుంచి నేను చెయ్యి ఊపి అరుస్తుంటే వాడికి ఏమనిపించిందో నాకు తెలియదు. మొదట నవ్వాడు. తర్వాత వెనక్కి చూసి పరుగెత్తాడు. తడి ఇసుకలో పరుగు ముందుకు పోదు.

అంతే నేను చూసింది. ఆ తర్వాత ఇంకా వచ్చాయి, ఒకటి కాదు. లెక్కపెట్టలేదు. ఆ ఊరివాళ్ళు కూడా పోయారు, బుట్టలతో దిగినవాళ్ళు.

వాడు మర్నాడు దొరికాడు. చేతిలో ఏమీ లేదు.

అద్దె బండిలో ఇంటికి తెచ్చాం. దారిలో మా మధ్య ఒక్క మాట ఖాయమైంది. గనిలో ప్రమాదం జరిగితే విచారణకు గ్యాంగు అంతా ఒకే మాట చెబుతుంది, అది మా పాత పాడు అలవాటు. మొదటి నీళ్ళకే కొట్టుకుపోయాడు, ఎవరికీ తెలియలేదు, అదీ మాట. మేస్త్రీ అవునని అనలేదు, కాదనీ అనలేదు. మొదటి నీళ్ళకే పోతే నేను సాఫ్ అనే అవసరమే రానట్టు. వాడు దేనికోసం దిగాడని ఎవరూ అడగరు.

శవంతో వాడి ఇంటికి వెళ్ళాను. ఆమె ఏడుస్తున్నది, పదిమంది పట్టుకున్నారు. నేను సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. పొద్దున్నే నీకోసమని నింపి నా దగ్గర దాచమన్నాడు చెల్లె అన్నాను. ఆ సీసా సంగతికి తర్వాత వస్తాను.

పదోరోజు ఆమె మూత తీసి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంది. అందరం అక్కడే ఉన్నాం. “అయితే నిజమే. ఉప్పగనే ఉన్నయి,” అంది. మూత బిగించి వాడి ఫోటో పక్కన పెట్టింది.

మరుసటి సేఫ్టీ వారోత్సవంలో నాకు శాలువా కప్పి కొబ్బరికాయ ఇచ్చారు. వేదిక మీద నిలబడి చెప్పాను, అలలు లెక్కపెట్టాను, ఇంకోటి వస్తుందని పసిగట్టాను, దిగబోయేవాళ్ళను మెట్ల మీద ఆపాను అని. మేస్త్రీ చేసింది నా పేరు మీద వేసుకున్నాను. ఆయన కిందే కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ముందు వరసలో ఆమె ఉంది. అప్పటికే ఆమెకు వాడి బదులు నౌకరీ ఇచ్చారు, లాంప్ రూంలో. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ లైటు ఇచ్చి, బయటికొచ్చాక తిరిగి తీసుకునే పని. అందరితో పాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత నా పని చెడింది. మీట నొక్కేవాడిని, చప్పుళ్ళు లెక్కపెట్టేవాడిని, లోపలికి పోయి చూసేవాడిని, తిరిగొచ్చి నిలబడేవాడిని. మాట వచ్చేది కాదు. మళ్ళీ పోయి చూసేవాడిని. మూడోసారి పోయేవాడిని. గ్యాంగు కూర్చుని కునుకు తీసేది. కొత్త డ్రిల్లర్, “సాబ్, ఈ షిఫ్టుల సాఫ్ అంటవా, ఓటింగ్ పెట్టాల్నా?” అని అడిగాడు. తప్పు వాడిది కాదు. చివరికి తల ఊపి పని నడిపాను కానీ ఆ మాట అనలేదు. మంచి పనిమంతుడినని పైన ఉద్యోగం ఇచ్చారని చెప్పుకున్నాను. నేనే అర్జీ పెట్టుకున్నాను, భయమేస్తోంది పైకి వేయండి అని. అయినా వారానికో రోజు తనిఖీకి లోపలికి దిగాల్సి వచ్చేది. దిగిన ప్రతిసారీ ఆమె చేతి నుంచే లైటు తీసుకున్నాను.

నా ఆఖరి రోజు లైటు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె దాన్ని వెంటనే తీసుకోలేదు. కిటికీ అవతల నిలబడి, నా వెనక ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

“ఎనిమిది మంది ఒక్క కాడనే ఉంటిరి. ఆయన ఒక్కడే ఎట్ల పోయిండన్నా? నీ మాట లేకుంట అడుగు తీసి అడుగు ఎయ్యని మనిషి. నువ్వు సాఫ్ అంటివా?”

నాకు అబద్ధం ఆడడం చేతకాని పని కాదు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. తల ఊపాను.

మొదటి రోజే అనుకున్న అంది. నువ్వే చెప్తవని ఇన్నేండ్లు చూసిన అంది. అట్లా అని లైటు తీసుకుని, దాని నంబరు చూసి దాని చోట్లో పెట్టి, కిటికీ తలుపు వేసింది.

తర్వాత కొన్నేళ్ళు నాతో మాట్లాడలేదు. బజారులో ఎదురైతే పక్కకు తప్పుకునేది. మొన్నీమధ్య ఒక పొద్దున తానే మా గుమ్మం ముందు నిలబడింది. కూతురి కూతురు ఏడో తరగతి చదువుతోంది, బడివాళ్ళు పిల్లలను కొంకణ్ వైపు సముద్రానికి తీసుకుపోతున్నారట. “వద్దంటె ఆ పొల్ల ఏడుస్తుంది. తోలితె నాకు నిద్ర పట్టది. బడికొచ్చి ఆ పోరగాండ్లకు చెప్పు. శాలువా కథ కాదు, అసలుది చెప్పు,” అంది.

కలెక్టరాఫీసు నుంచి పిలిచి మరీ నాతో ఉపన్యాసం ఇప్పించారని ఎక్కడైనా విని ఉంటే, అది నేను వదిలిన మాట. పిలిచింది ఆమె ఒక్కతే.

బడిలో మరాఠీలో చెప్పాను. నాకు తెలిసిన భాష గని భాష, అందులోనే చెప్పాను. సునామీ అంటే సముద్రం అడుగున పేలిన షాటు అనుకోండి. ఎక్కడో పేలుతుంది, ఒక్కోసారి నిమిషాల్లో, ఒక్కోసారి గంటల తర్వాత మీ దగ్గరికి నీళ్ళొస్తాయి, కాబట్టి మీ కాళ్ళ కింద నేల కదలకపోయినా రావచ్చు. ఒడ్డున ఉండగా నేల గట్టిగా గాని చాలాసేపు గాని ఊగితే, అది ఏమిటని ఎవరినీ అడగకుండా ఊరివైపు, ఎత్తుకు నడవండి. నీళ్ళు ఉన్నట్టుండి దూరం పోయి నేల బయటపడితే చేపలు చూడ్డానికి కాదు, పరుగెత్తడానికి అది గంట. పెద్ద చప్పుడు విన్నా అంతే. ఎత్తు దొరక్కపోతే గట్టి మేడ పై అంతస్తుకు ఎక్కండి. మొదటిది చిన్నదైతే మోసపోకండి, వెనకది పెద్దది కావచ్చు, మధ్యలో చాలాసేపు ఏమీ లేనట్టే ఉంటుంది. ఎన్ని రంధ్రాలకు మందు పెట్టారో మనకు ఎవరూ చెప్పరు. హెచ్చరిక చూసే అధికారులు ఇక దిగవచ్చని చెప్పేదాకా పైనే కూర్చోండి. ఫోనులో హెచ్చరిక వస్తే నవ్వకండి. ఒడ్డు ఊళ్ళో ముసలమ్మ ఏమైనా చెబితే ఆమెకు పాఠం చెప్పకండి.

తర్వాత నేను చేసింది చెప్పాను. ఆమె వెనక బెంచీ దగ్గర నిలబడి విన్నది. ఒక పిల్ల చెయ్యెత్తి, తాతా, మీకు తెలియనప్పుడు సాఫ్ అని ఎందుకన్నారు అని అడిగింది. ఇన్నేళ్ళలో నన్ను నేను అడగని ప్రశ్న. అప్పుడు అందరూ నా వైపే చూస్తున్నారు కాబట్టి, అన్నాను. ఆ పిల్లకు అది జవాబుగా అనిపించలేదు. ముఖం చూస్తే తెలిసింది.

ఇక సీసా. ఇది బడిలో చెప్పలేదు. అసలు సీసా వాడితోనే సముద్రంలోకి పోయింది. బండిలో వస్తూ మధ్యాహ్నం ఒక ఢాబా దగ్గర ఆగాం. అక్కడ అట్లాంటిదే ఒక నీళ్ళ సీసా కొని, బల్ల మీది ఉప్పు డబ్బా అందులో వంచి, కరిగేదాకా ఊపాను. మేస్త్రీ చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆయన కూడా ఇప్పుడు లేడు, కాబట్టి తెలిసినవాడిని నేనొక్కడినే. ఖాళీ చేతులతో ఆమె ముందుకు పోలేక చేశానని కొన్నాళ్ళు అనుకున్నాను. అది సగమే. సీసా నా దగ్గరే ఉందంటే, వాడు సీసా కోసం దిగలేదని అవుతుంది.

ఇదంతా తెలుగులో రాయడానికి కారణం కూడా ఒప్పుకుంటాను. ఆమె మరాఠీ బడికి పోయిన మనిషి, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. మనవరాలికీ రాదు. రాసినట్టూ ఉంటుంది, ఆమెకు తెలియనట్టూ ఉంటుంది అనుకున్నాను. ఇంతవరకూ రాశాక ఆ కాగితాల వైపు చూడలేకపోయాను. పోయిన ఆదివారం పొద్దున తీసుకుపోయి ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చదివాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతూ వింటోంది. ఎర్ర చొక్కా దగ్గర చెయ్యి ఆగింది, మళ్ళీ చదవమంది. చదివాను. సీసా దగ్గరికి వచ్చేసరికి చాట కింద పెట్టింది.

“అయితే నేను నోట్లె ఏసుకున్నది ఢాబా ఉప్పు.”

అవునన్నాను.

లేచి ఫోటో పక్కనుంచి సీసా తీసింది. ఇరవై ఏళ్ళు దాటాయి, మూత బిగుసుకుపోయింది. పంటితో తిప్పింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. నీళ్ళు మోరీలో పోసి, కుళాయి కింద సీసాను రెండుసార్లు కడిగి, బోర్లా పెట్టింది.

“పిల్ల బడితోటి పోయేదుంటె పోనీ. నన్ను నువ్వు తోలుకపో. ఆ ఊరికే,” అంది.

ఆ రోజు తర్వాత నేను సముద్రం ముఖం చూడలేదు. నాకు రక్తపోటు ఉంది, మోకాలు నొప్పి ఉంది అని మొదలుపెట్టాను. ఆమె నా వైపు చూసింది. ఆపేశాను. టికెట్లు తీస్తానన్నాను.

తర్వాత నాకు తెలిసిందంతా ఒక్కొక్కటే చెప్పాను. ఊళ్ళో దిగగానే ముందు షెల్టరు ఎటుందో, దారి ఎటుందో చూసుకోవాలి. ఏదైనా జరిగితే చెప్పులు వద్దు, సంచి వద్దు, సీసా అసలే వద్దు. నాకోసం కూడా ఆగొద్దు, మెట్లెక్కి కూర్చోవాలి.

“ఒకటి కాదు చెల్లె, ఎన్నొస్తయో తెల్వది. ఒకసారి ఎక్కినంక మళ్ల దిగొద్దు. నేను సాఫ్ అన్నా సరే, దిగొద్దు.”

ఆమె సీసాను ఎత్తి వెలుతురుకు పట్టి, లోపల ఇంకా తడి ఉందేమో చూస్తోంది.

“నువ్వంటె అసలే దిగ,” అంది.